నోమ్‌ల ఊళ్లో మా బొప్పాయి చెట్టు

రూన్‌స్కేప్ ఆడినవాళ్లని ఎవరిని కదిపినా యుద్ధాలే చెబుతారు. ఏ రాక్షసుణ్ణి చంపారు, ఏ కత్తి దొరికింది, వైల్డర్‌నెస్‌లో ఎవడు వెనకనుంచి వచ్చి ఒంటిమీదున్నదంతా ఊడ్చుకుపోయాడు, ఇవే కబుర్లు. మా అన్నయ్యా అంతే. నాకు మాత్రం ఆ ఆట అనగానే నోమ్‌లు అనే పొట్టి మనుషుల ఊరు గుర్తొస్తుంది. అక్కడ బొలొంగో అనే తోటమాలి, అతని ముందు ఒకే ఒక్క చెట్టుకి సరిపడా పాదు, ఆ పాదులో నేను ఒకదాని తర్వాత ఒకటి పెంచిన ఆపిల్, అరటి, కరివేపాకు, బొప్పాయి, కొబ్బరి. ఇప్పటికీ ఎవరి పెరట్లో అయినా బొప్పాయి చెట్టు కనిపిస్తే నా కళ్లు ముందు కాయల్ని లెక్కపెడతాయి, ఆరున్నాయా అని. ఆ ఊళ్లో ఏ పండ్ల చెట్టైనా ఆరే కాసేది.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. ఇంగ్లండ్‌లో గోవర్ అన్నదమ్ములు తయారు చేసిన ఆట ఇది, 2001 జనవరిలో మొదలైంది. అప్పట్లో డిస్కులు కొనక్కర్లేదు, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, బ్రౌజర్‌లో జావా ఉంటే చాలు. అందుకే మా తెనాలిలో నెట్ సెంటర్ల పాత కంప్యూటర్ల మీద కూడా నడిచేది. 2004లో రెండో రూపం వచ్చింది, 2005 జులైలో వ్యవసాయం వచ్చి చేరింది. నేను అడుగుపెట్టింది ఆ మరుసటి ఏడాది వేసవిలో, పదో తరగతి పరీక్షలు అయిపోయాక.

అన్నయ్య అప్పటికే చాలా కాలంగా ఆడుతున్నాడు, అయితే ఉచిత ఆటే. ఉచితంగా ఆడేవాళ్లకి ఆ ప్రపంచంలో కొంత మేరే కనిపిస్తుంది. ఫాలడార్ నగరం దాటి పడమరకి నడిస్తే ఒక గేటు, ఆ గేటుకి అవతల చెట్లూ కొండా కనిపిస్తూనే ఉంటాయి గానీ వెళ్లనివ్వరు. డబ్బు కట్టిన సభ్యులకే ఆ దారి. అప్పుడు నెలకి 5 డాలర్లు ఉండేది. అప్పట్లో మా ఇంట్లో క్రెడిట్ కార్డు అనే వస్తువే లేదు, ఉన్నా నాన్న ఆటకి కట్టేవారు కాదు. న్యూజెర్సీలో ఉన్న బాబాయ్ ఫోన్ చేసి, టెన్త్‌లో మంచి మార్కులొస్తే ఏం కావాలే అమ్మలూ అని అడిగినప్పుడు వాచీ అడుగుతాననుకున్నారు అందరూ. నేను ఆ గేటు అడిగాను, నాకూ అన్నయ్యకీ ఇద్దరికీ. ఫలితాలు వచ్చిన సాయంత్రమే బాబాయ్ కట్టేశాడు. ఆ రాత్రి ఇద్దరం పక్కపక్కన కూర్చుని, ఒకే కంప్యూటర్ కాబట్టి ముందు అన్నయ్య, తర్వాత నేను, ఒకరి తర్వాత ఒకరం ఆ గేటు దాటాం.

నోమ్‌ల కోటకి ఆ గేటు నుంచి చాలా దూరం. తెల్ల తోడేళ్లు తిరిగే కొండ దాటాలి, కాథర్బీ తీరం వెంట నడవాలి, సీర్స్ విలేజ్ దాటి ఇంకా పడమరకి పోవాలి. నా లెవెల్‌కి ఆ తోడేళ్లు ఒక్క నిమిషంలో చంపేస్తాయి. అన్నయ్య పక్కింటి స్నేహితుడి కంప్యూటర్ మీద కూర్చుని, కిటికీలోంచి కేకలేస్తూ నన్ను కొండ దాటించాడు. “ఆగకు, తిరిగి చూడకు, పరిగెత్తు!” అవతల దిగాక నిజంగానే చేతులు వణుకుతున్నాయి నాకు.

పేరుకి కోట గానీ, లోపలికి వెళితే అది పల్లెటూరే. నోమ్‌లు అంటే మన నడుము దాకా వచ్చే పొట్టి మనుషులు, సూది టోపీలు, రంగురంగుల అంగీలు. ఇళ్లు చెట్ల మీద. నిచ్చెనెక్కి పోవాలి. ఊరి మధ్యలో గ్రాండ్ ట్రీ అనే మహావృక్షం, దాని లోపలే రాజు నార్నోడ్ ఉంటాడు, పైన కొమ్మల్లో బ్యాంకు, కొట్లు, హోటలు, కొనకొమ్మన ఎగిరే గ్లైడర్లు. కింద ఆడుకునే మైదానం, ఒక పక్క బురదగుంటల్లో కప్పలు, పెద్ద పక్షుల మీదా తాబేళ్ల మీదా సవారీ చేసే సైనికులు. రాజుగారి ఊరే అయినా అక్కడ నాకు దర్జా ఏమీ కనిపించలేదు. ఎవరి పని వాళ్లు చేసుకుంటూ, పక్కనుంచి పోతుంటే పలకరిస్తూ ఉండేవాళ్లు. మిగతా నగరాల్లో ఎప్పుడూ వందమంది ఆటగాళ్లు కేకలేస్తూ అమ్ముకుంటూ ఉంటారు, వారోక్ బ్యాంకు ముందు అయితే నిలబడటానికి చోటుండదు. ఈ ఊళ్లో మాత్రం పక్షుల కూతలు వినపడేంత నెమ్మది.

బొలొంగో పాదు ఆ ఊరికి దక్షిణం వైపు, స్పిరిట్ ట్రీ అనే, మాట్లాడుతూ మనల్ని దూరపు చోట్లకి చేర్చే చెట్టుకి దగ్గర్లోనే. దాని పక్కనే దుంగల మీద నడిచి, వలలెక్కి, గొట్టాల్లో దూరే కసరత్తు మైదానం. అక్కడి శిక్షకులు ఊరికే ఉండరు, టెర్రర్‌బర్డ్ అనే ఆ పెద్ద పక్షి కూడా నీకన్నా వేగంగా ఎక్కుతుందని అరుస్తూ ఉంటారు. నేను మొక్క నాటి, ఆ మైదానంలో కాసేపు తిరిగి, వాళ్ల తిట్లు తిని లాగవుట్ అయ్యేదాన్ని. అదే మొదటి రోజుల దినచర్య.

ఆ వ్యవసాయం ఎలా ఉండేదో వివరంగా చెప్పాలనుంది, ఎందుకంటే దాన్ని తయారు చేసినవాళ్లు ఎవరోగానీ మొక్క మీద ప్రేమ ఉన్నవాళ్లే అయ్యుంటారు. పండ్ల గింజని తిన్నగా పాదులో వేయకూడదు. ముందు కుండీలో మట్టి నింపాలి, చిన్న తాపీ లాంటి పనిముట్టుతో. గింజ వేసి నీళ్లు పోస్తే కాసేపటికి మొలకెత్తి మొక్కవుతుంది. ఈలోగా పాదులో కలుపు తీసి, కంపోస్టు వేసి సిద్ధం చేసుకోవాలి. తీసిన కలుపు పారేయక్కర్లేదు, కూరగాయల మడుల పక్కన తొట్టెలుంటాయి, వాటిలో వేసి మూత పెడితే ఎరువవుతుంది. పుచ్చకాయలో అనాసకాయలో వేస్తే ఇంకా మంచి ఎరువు. తర్వాత పారతో మొక్క నాటాలి. ప్రతి పాదు దగ్గరా పనిముట్లు దాచిపెట్టే లెప్రికాన్ అనే మరుగుజ్జు ఒకడుంటాడు, కాబట్టి పారా కలుపుకర్రా మోసుకు తిరగక్కర్లేదు.

నాటాక అసలు సంగతి మొదలవుతుంది. పండ్ల చెట్టు ఎదగడానికి 16 గంటలు. ఆటలో గంటలు కాదు, మన గోడగడియారంలో గంటలు. మనం ఆడుతున్నా, ఆపేసినా, కంప్యూటర్ కట్టేసి బడికి వెళ్లినా అది అలా పెరుగుతూనే ఉంటుంది. ఏం చేసినా తొందరపడదు. ఆ రోజుల్లో వేరే ఏ ఆటలోనూ నేను ఇలాంటిది చూడలేదు, అన్నీ నువ్వు ఎంతసేపు కూర్చుంటే అంత అనేవి. ఇక్కడ కూర్చుంటే ఏమీ రాదు. వెళ్లి నీ పని చూసుకుని రా అంటుంది చెట్టు.

ఇంటర్‌లో చేరాక నాకు అది ఎంత కలిసొచ్చిందో! అప్పట్లో ఇంటికి తీసుకున్న బ్రాడ్‌బ్యాండ్‌లో రాత్రి రెండు నుంచి ఉదయం ఎనిమిది దాకా ఎంత వాడినా బిల్లులో లెక్కలోకి రాదు. తెల్లవారుజామున నాలుగింటికి చదువుకోవడానికి లేపేది అమ్మ. కెమిస్ట్రీ పుస్తకం తెరిచి పెట్టుకుని, పక్కన కంప్యూటర్ ఆన్ చేసి, పది నిమిషాల్లో మొక్క నాటేసేదాన్ని. ఆరున్నరకి కాలేజీ బస్సు. ఇంటికి వచ్చేసరికి రాత్రి ఎనిమిది. నాలుగుకి పదహారు కలిపితే ఎనిమిదే కదా! రోజంతా క్లాసులూ స్లిప్ టెస్టులూ, లెక్చరర్ బోర్డు మీద ఏదో రాస్తుంటే నా మనసులో ఒక మూల ఇప్పుడు దానికి మూడో దశ వచ్చుంటుంది, ఇప్పుడు ఆకులు విచ్చుకుని ఉంటాయి అని నడుస్తూ ఉండేది. ఆ ఏడాది టెన్షన్ అంతా ఇంతా కాదు, ర్యాంకుల పేరుతో ప్రతి వారం ఎవరో ఒకరు ఏడ్చేవాళ్లు మా సెక్షన్‌లో. నాకు మాత్రం సాయంత్రం ఇంటికెళ్తే నా కోసం ఎదిగి నిలబడ్డ చెట్టు ఒకటుంది అనే ఊరట ఉండేది. ఇది చిన్న విషయంగా కనిపించొచ్చు. పదహారేళ్ల పిల్లకి చిన్నది కాదు.

తోటమాలికి కూలి ఇస్తే చెట్టుకి తెగులు రాకుండా చూసుకుంటాడు. కూలి డబ్బు కాదు, పంట. ఆపిల్‌కి తొమ్మిది మొక్కజొన్న కంకులు. అరటికి నాలుగు బుట్టల ఆపిల్ పళ్లు. కరివేపాకు చెట్టుకి ఐదు బుట్టల అరటిపళ్లు. అనాసకి పది పుచ్చకాయలు, బొప్పాయికి పది అనాసకాయలు, కొబ్బరికి పదిహేను బొప్పాయిలు. అంటే ఒక చెట్టు కాస్తేనే తర్వాతి చెట్టుకి కాపలా. పుచ్చకాయ మడికి కావలి కాయాలంటే మళ్లీ పది కరివేపాకులు ఇవ్వాలి. మొక్కజొన్నని కాకులనుంచి కాపాడటానికి పక్క మడిలో దిష్టిబొమ్మ పెట్టాలి, దానికి తల పుచ్చకాయే. ఇలా ఒకదానికొకటి ముడిపడి తిరిగే ఆ లెక్కంతా నేను ఫిజిక్స్ రికార్డు వెనక పేజీల్లో రాసుకున్నాను. ఏ రోజు ఏ పాదులో ఏం ఉంది, ఏది ఎప్పుడు కోతకొస్తుంది, అన్నయ్యకి ఎన్ని బాకీ, అన్నీ.

కరివేపాకు చెట్టు పెంచే లెవెల్ 42. ఆ గింజ మొదటిసారి దొరికినప్పుడు అమ్మని వంటింట్లోంచి లాక్కొచ్చి చూపించాను. ఎక్కడో ఇంగ్లండ్‌లో కూర్చున్నవాళ్లు నోమ్‌ల ఊళ్లో పెరగడానికి కరివేపాకు చెట్టు పెట్టారమ్మా అంటే అమ్మ కళ్లద్దాలు సరిచేసుకుని చూసింది. ఆ ఆకులు ఏం చేస్తారే అంది. నీళ్లగిన్నెలో బంగాళాదుంపా వండిన మాంసమూ వేసి, అందులో మూడు కరివేపాకులు వేస్తే కూర అవుతుంది అని చెప్పాను. “తాలింపు?” అంది అమ్మ. తాలింపు లేదు. ఉప్పూ కారం? లేవు. అమ్మ ఇంకేమీ అనకుండా వంటింట్లోకి వెళ్లి, కాసేపాగి మళ్లీ వచ్చి, ఆకులు కోసేటప్పుడు కొమ్మ విరవకుండా దూస్తున్నావా లేదా అని అడిగింది. ఆ రోజు నుంచి నేను ఆడుతుంటే అమ్మ చదువు గురించి ఒక్కమాట తక్కువే అనేది.

నోమ్‌ల సొంత వంట మాత్రం అమ్మకి చెప్పలేదు నేను. వాళ్ల హోటల్లో కప్పకాళ్లూ వానపాములే ఎక్కువ. బురదగుంటలో కప్పల్ని పట్టి కాళ్లు తీసుకురావాలి, ఆలుఫ్ట్ జియాన్ అనే వంటవాడు పిండీ అచ్చులూ ఇస్తాడు, ఈక్వా ఆకులూ మసాలాలూ వేసి కాల్చాలి. కూరగాయల ఉండ ఒకటుంది, చాక్లెట్ బాంబ్ ఒకటుంది, నేను ఆ రెండే చేసేదాన్ని.

మా తాతయ్యది కొల్లిపర వైపు, కృష్ణ ఒడ్డున లంక పొలం. అరటి, పసుపు, కంద వేసేవాడు. తెనాలి వచ్చినప్పుడల్లా నా కుర్చీ పక్కన పీట వేసుకుని కూర్చునేవాడు. తెర మీద ఏం జరుగుతుందో మొదట అర్థం కాలేదు గానీ తోట అని తెలిశాక వదల్లేదు. నేను కుండీలో అరటి గింజ వేస్తుంటే చూసి, “అరటికి గింజ ఏందే అమ్మాయ్? పిలక గదా పెట్టాల్సింది” అన్నాడు. ఇక్కడ గింజే తాతయ్యా అంటే ఒప్పుకోలేదు. గెల కోసిన చెట్టు మళ్లీ కాస్తుందంటే అసలే ఒప్పుకోలేదు, మన అరటి ఒక్క గెల వేసి పోతుంది, మళ్లీ పిలకే గతి. ఆరు కాయలు కోస్తే ముప్పావు గంటకొకటి చొప్పున మళ్లీ వస్తాయని చెప్పినప్పుడు మాత్రం కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగిన ప్రశ్నలన్నీ రైతు ప్రశ్నలే. నీళ్లెక్కడివి, కూలి ఎంత, గిట్టుబాటు ఎంత, చెట్టు తీసేయాలంటే ఎవరు తీస్తారు. రెండొందల నాణేలిస్తే బొలొంగోనే కొట్టేసి పాదు చదును చేసిస్తాడని చెప్పాను. “మంచోడే” అన్నాడు.

2006 అక్టోబర్ నెలాఖరులో ఓగ్ని తుపాను వచ్చింది. బాపట్ల దగ్గర తీరం దాటింది, మాకు దగ్గరే. వాన, గాలి, వాన. కరెంటు పోయింది, ఫోన్లూ పోయాయి, వీధుల్లో మోకాలి లోతు నీళ్లు. తాతయ్య సంగతి తెలిసింది రెండో రోజో మూడో రోజో, ఆ ఊరి నుంచి వచ్చిన పాలాయన చెబితే. గెలలతో ఉన్న అరటి మొత్తం పడిపోయింది. పసుపు చేలో నీళ్లు నిలిచిపోయాయి. నాన్న ఎలాగో సైకిల్ మోసుకుంటూ నడుచుకుంటూ వెళ్లి చూసొచ్చారు, వచ్చాక ఏమీ తినలేదు ఆ రాత్రి.

కరెంటు వచ్చాక నేను ఆట తెరిచింది చాలా రోజుల తర్వాత. తెరవాలా వద్దా అని కూడా అనిపించింది. తుపానుకి ముందు రోజు రెండు పాదుల్లో బొప్పాయి నాటాను, బొలొంగో దగ్గర ఒకటి, నోమ్‌ల ఇంకో ఊరు ట్రీ నోమ్ విలేజ్ బయట గిలెత్ అనే తోటమాలి దగ్గర ఒకటి. నా దగ్గర పది అనాసకాయలే ఉండటంతో బొలొంగోకి మాత్రమే కూలి ఇచ్చాను. గిలెత్ పాదులో చెట్టు తెగులు వచ్చి ఎండిపోయి ఉంది. బొలొంగో దగ్గర చెట్టు నిండుగా నిలబడి ఉంది, ఆరు కాయలతో. అన్ని రోజులు మేం ఎవరం లేం, కరెంటు లేదు, ఫోన్ లేదు, అతను ఆ మాట నిలబెట్టుకున్నాడు. అది కంప్యూటర్ రాసిన లెక్క అని నాకు తెలుసు. అయినా ఏడుపొచ్చింది.

తర్వాత తాతయ్య వచ్చినప్పుడు ఇది చెప్పకూడదనుకున్నాను. ఆయనే అడిగాడు, నీ తోట ఏమైంది అమ్మాయ్ అని. చెప్పాను. పది అనాసకాయలకి అన్ని రోజులూ కాశాడా అని మళ్లీ మళ్లీ అడిగాడు. “ఆ పొట్టాయన్ని ఒకసారి మనూరు పంపించు” అన్నాడు, నవ్వుతూనే అన్నాడు. మర్నాడు పిలకల కోసం మనిషిని మాట్లాడటానికి దుగ్గిరాల వెళ్లాడు.

అన్నయ్య గురించి ఎక్కువ చెప్పలేదు. నా పంటంతా అతనికే. కొబ్బరికాయ పగలగొట్టి పాలు తీస్తే విషానికి విరుగుడు మందులో పడుతుంది, విషం చిమ్మే పురుగులున్న గుహల్లోకి వెళ్లేవాళ్లకి అది లేనిదే కుదరదు. కాథర్బీ మడిలో నేను పెంచే రనార్ ఆకు ప్రార్థన శక్తినిచ్చే ప్రేయర్ మందుకి. బదులుగా అతను కొట్టిన రాక్షసుల దగ్గర దొరికే గింజలన్నీ నాకు. కొబ్బరి గింజ దొరికిన రోజున బి.టెక్ హాస్టల్ నుంచి ఇంటికి ఫోన్ చేశాడు, నాన్న ఎత్తి కంగారుపడ్డారు అంత రాత్రివేళ ఏమైందోనని. హాస్టల్‌కి వెళ్లాక మా ఇద్దరం కలుసుకునే చోటు గ్రాండ్ ట్రీ కిందే. శనివారం రాత్రి అతను అక్కడికి వచ్చేవాడు, నేను వారం పంట ఇచ్చేదాన్ని, కాసేపు నిలబడి మాట్లాడుకునేవాళ్లం. మెస్‌లో సాంబారు గురించి, అమ్మ మోకాలి నొప్పి గురించి, నా మార్కుల గురించి. ఫోన్‌లో అయితే నాన్న పక్కనే ఉంటారు, అక్కడ అన్నీ చెప్పుకోవచ్చు.

గ్రాండ్ ట్రీ కథని కూడా అలాగే పూర్తి చేశాం. రాజు నార్నోడ్ తన చెట్టు జబ్బు చేసిందని దిగులుపడుతూ ఉంటాడు. చెట్టు సంరక్షకుడు గ్లౌ మనుషుల మీదే అనుమానం నెట్టి, అమాయకుడైన చార్లీని జైల్లో పెట్టించి, దొంగచాటుగా కరంజా దీవిలో యుద్ధనావలు కట్టిస్తుంటాడు. చివర్లో సొరంగంలో చెట్టు వేళ్లన్నీ ఒక్కొక్కటే వెతికి, చెట్టుని చంపే డకోనియా రాయి ఎక్కడుందో పట్టుకోవాలి. దారిలో అడ్డొచ్చే నల్ల దెయ్యాన్ని కొట్టడం నా వల్ల కాదు, ఎక్కడ నిలబడితే అది నన్ను అందుకోలేదో అన్నయ్య ముందే చెప్పి ఉంచాడు. వేళ్లు వెతకడం మాత్రం నేనే చేశాను. ఒక చెట్టు కోసం అంత కథ నడపడం, రాజు ఏడ్చింది సింహాసనం కోసం కాక చెట్టు కోసం కావడం, నాకు ఆ ఊరంటే ఇష్టం ఇంకా పెరిగింది అక్కడే.

2007 డిసెంబర్‌లో, ఆ వెంటనే 2008 జనవరిలో నిబంధనలు మారాయి. ఆటలో బంగారాన్ని నిజం డబ్బుకి అమ్ముకునేవాళ్లు ఎక్కువైపోయారని, వాళ్లని ఆపడానికి ఉచితంగా ఇచ్చిపుచ్చుకోవడాన్ని కట్టడి చేశారు. ఇద్దరు ఏదైనా మార్చుకుంటే రెండువైపులా విలువ దాదాపు సమానంగా ఉండాలి. దాని కారణం నాకు ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడు మాత్రం ఆ శనివారం గ్రాండ్ ట్రీ కింద నిలబడి, వారం పంట ముందు పెట్టి, తెర మీద కుదరదని వచ్చిన సందేశం చూస్తూ ఇద్దరం ఏమీ టైప్ చేయలేదు చాలాసేపు. తర్వాత అన్నయ్య ధర కట్టాడు. చెల్లెలి దగ్గర కొబ్బరికాయలు ధర పెట్టి కొనుక్కోవడం ఏంటి? ఆ డబ్బు నేను వాడలేదు, బ్యాంకులో అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత మెల్లగా తగ్గింది. నాకు ఎంసెట్, అన్నయ్యకి బెంగుళూరులో ఉద్యోగం. బాబాయ్ కట్టిన సభ్యత్వం అయిపోతే మళ్లీ అడగలేదు. ఇచ్చిపుచ్చుకోవడం 2011 ఫిబ్రవరి 1న తిరిగి వచ్చిందని ఎక్కడో చదివాను, అప్పటికి మా ఇద్దరం వేర్వేరు లోకాల్లో ఉన్నాం. తాతయ్య పోయింది కూడా ఆ మధ్యనే. లంక పొలం ఇప్పుడు కౌలుకిచ్చాం, అరటే వేస్తున్నారు.

2013లో పాత ఆటని, అంటే 2007 ఆగస్టు నాటి రూపాన్ని, ఓల్డ్ స్కూల్ పేరుతో మళ్లీ తెచ్చారు. 2018 అక్టోబర్ 30న అది ఫోన్‌లోకి వచ్చింది. ఆ వారమే డాలస్ నుంచి అన్నయ్య ఫోన్. “బొలొంగో ఉన్నాడే అక్కడే!” అన్నాడు, హలో కూడా లేదు. పాత ఖాతాలోవి ఏవీ రావు, అందరూ మొదటి మెట్టు నుంచే ఎక్కాలి. ఎక్కాం. మళ్లీ తోడేళ్ల కొండ, ఈసారి వాట్సాప్ కాల్‌లో కేకలు. మళ్లీ మొదటి ఆపిల్ మొక్క, తొమ్మిది మొక్కజొన్న కంకులు. అమ్మకి వీడియో కాల్‌లో కరివేపాకు చెట్టు చూపిస్తే ఇంకా తాలింపు పెట్టలేదా వాళ్లు అని అడిగింది.

డాలస్‌కీ మనకీ ఉన్న తేడాలో అతని రాత్రి నా ఉదయం. నేను పిల్లాడికి బాక్సు కట్టేసి, స్కూల్ బస్సు ఎక్కించి వచ్చి, కాఫీ తాగుతూ ఒక చుట్టు తిరుగుతాను. నోమ్‌ల కోటలో నాటి, స్పిరిట్ ట్రీలోంచి ట్రీ నోమ్ విలేజ్‌కి, అక్కడ ఎల్కోయ్ అనే నోమ్‌ని అడిగితే చిక్కుదారిలోంచి బయటికి తీసుకొస్తాడు, గిలెత్ పాదులో నాటి, కాథర్బీ తీరానికి, ఆపైన పడవెక్కి బ్రిమ్‌హేవెన్‌కి. గిలెత్‌కి ఇప్పుడు తప్పకుండా కూలి ఇస్తున్నాను. నా కొడుక్కి ఏడేళ్లు, వాడి ఆటల్లో అన్నీ టపటపా పేలాలి, ఒక చెట్టు కోసం రేపటి దాకా ఆగడమేంటని వాడి గొడవ. అయినా స్కూల్ నుంచి రాగానే బ్యాగు కూడా దించకుండా కాసిందా అని అడుగుతాడు. కొబ్బరి చెట్టుని పరీక్షించే పని వాడిదే, ఒక్క నొక్కుతో పదివేలకి పైగా ఎక్స్‌పీ, అంటే అనుభవ పాయింట్లు, వచ్చి పడతాయి కదా, వాడికి అదే బాణసంచా.

ఇప్పుడు నా వ్యవసాయం లెవెల్ 81. 83 వస్తే స్పిరిట్ ట్రీనే సొంతంగా నాటొచ్చు, పాత రోజుల్లో నేను ఎన్నడూ అంత దూరం రాలేదు. ఎదగడానికి 64 గంటలు. తోటమాలికి కూలి ఐదు మంకీ నట్స్, ఒక మంకీ బార్, నూరిన పన్ను పొడి ఒకటి. పన్ను లూనార్ ఐల్‌లో సుకా అనే జంతువుది, దాన్ని కొట్టి తెచ్చి రోట్లో నూరాలి. అన్నయ్య నాకు చెప్పకుండానే మొత్తం సంపాదించి గ్రాండ్ ట్రీ కింద నిలబడి ఇచ్చేశాడు పోయిన శనివారం, ఒక్క నాణెం తీసుకోకుండా. మంకీ నట్స్ కోసం కోతుల దీవిలో మూడుసార్లు చచ్చాడట.

ఎక్కడ నాటాలన్నదే తేలడం లేదు. ఎట్సెటేరియాలో నాటమంటాడు అన్నయ్య, అతనికి అక్కడ యుద్ధాలకి దగ్గరట. నేను పోర్ట్ సారిమ్ అంటున్నాను, ఆటలో కొత్తగా వచ్చే పిల్లలందరూ తిరిగే ఊరు, ఓడరేవు, ఎండ బాగా తగులుతుంది. అక్కడ ఎండ ఏంటే అంటాడు. తగులుతుంది, చూసి మాట్లాడు అన్నాను.